మా ఊళ్లలో తేలిన లెక్క మా ఊళ్లలోనే చదవండి: రెండు తెలుగు రాష్ట్రాల ప్రణాళికా శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రణాళికా శాఖల ఉన్నతాధికారులకు,

నమస్కారం.

నేను అనంతపురం జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చెబుతాను. ప్రభుత్వ విధానాలు ఎలా తయారవుతాయి, ఎలా అమలవుతాయి, వాటి మూల్యాంకనం ఎలా జరుగుతుంది అన్నది నేను చెప్పే పాఠాల్లో ఒకటి. ఆ పాఠం మొదలుపెట్టే రోజు బోర్డు మీద ‘మూల్యాంకనం’ అని రాసి, అర్థం ఏమిటని అడుగుతాను. ‘పేపర్లు దిద్దడం మేడమ్’ అంటారు పిల్లలు. వాళ్లకు తెలిసిన మూల్యాంకనం అదే: స్పాట్ వాల్యుయేషన్, మార్కులు, రీవాల్యుయేషన్ ఫీజు. నేను ఆ జవాబును కొట్టేయను. దాన్నే పట్టుకుని పాఠంలోకి వెళ్తాను. ఎందుకంటే పేపరు దిద్దాక మార్కులు ఆ పిల్లకు చెప్పి తీరాలి. పరీక్ష రాసినవాళ్లకు ఫలితం చెప్పకపోతే ఊరుకోరు. ప్రభుత్వ పథకాల దగ్గర మూల్యాంకనం అంటే పథకం పనిచేసిందో లేదో చూడటం. అక్కడ మాత్రం ఫలితం పైవాళ్లకు తెలుస్తుంది, పథకం ఎవరి మీద నడిచిందో వాళ్లకు తెలియదు. ఈ ఉత్తరం దాని గురించే.

ముందు మా అమ్మ సంగతి చెప్పాలి.

మా అమ్మ ఉపాధి హామీ కూలీ. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకాన్ని ప్రధాని మన్మోహన్ సింగ్ మా జిల్లా బండ్లపల్లిలోనే మొదలుపెట్టారు. మొదట్లో కూలి పోస్టాఫీసు ద్వారా వచ్చేది. పని చేసిన వారాలకు డబ్బు ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. వచ్చిందని తెలిసిన రోజు పని మానుకుని వెళ్లి కూర్చోవాలి. ‘ఈ రోజు క్యాష్ లేదు, రేపు రా’ అంటే మళ్లీ రేపు కూడా పని పోయినట్టే. తర్వాత కొన్నాళ్లకు మా ఊళ్లోకి ఒక చిన్న మిషన్, వేలిముద్రతో పనిచేసే స్మార్ట్ కార్డు వచ్చాయి. పొదుపు సంఘంలో ఉండే ఒక అక్క మిషన్ పట్టుకుని కూర్చునేది. వేలు పెడితే ఎంత వచ్చిందో మిషన్ చెప్పేది, రసీదు వచ్చేది, డబ్బు చేతిలో పడేది. అమ్మకు అది ఎంత సంబరమో ఇప్పటికీ గుర్తుంది.

ఆ కార్డు మా మండలానికి ముందొచ్చింది. కాస్త దూరంలో ఉన్న ఇంకో మండలంలో మా పిన్నికి చాలా ఆలస్యంగా వచ్చింది. ఎవరో నాయకుడు గట్టిగా అడిగి ఉంటాడని అందరం అనుకున్నాం. అసలు కారణం నాకు చాలా ఏళ్ల తర్వాత, ఎం.ఏ. అయిపోయి ఉద్యోగంలో చేరాక, ఒక ఇంగ్లిషు పరిశోధన పత్రం చదివితే తెలిసింది. ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది చీటీలు తీసినట్టు లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. ఆదిలాబాద్, అనంతపురం, కడప, ఖమ్మం, కర్నూలు, నల్గొండ, నెల్లూరు, విజయనగరం, ఈ 8 జిల్లాల్లో 112 మండలాలకు కార్డులు ముందు, 45 మండలాలకు చివర్లో. ఆ 157 మండలాల జనాభా దాదాపు 1 కోటి 90 లక్షలు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కలిసి చేసిన అధ్యయనం అది.

చదువుతుంటే నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే గర్వంగా అనిపించింది. అందరికీ ఒకేసారి ఇవ్వడం ఎటూ కుదరదు. ముందు ఎవరికి ఇవ్వాలో పలుకుబడిని బట్టి కాకుండా లాటరీలో తేల్చడం న్యాయం. పైగా, కార్డు వచ్చిన మండలానికీ రాని మండలానికీ తేడా చూస్తే ఆ తేడా కార్డు వల్లే వచ్చిందని నమ్మకంగా చెప్పొచ్చు. అప్పటి అధికారులు అందుకు ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

ఫలితాలు కూడా చిన్నవి కావు. డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం ఒక్కో చెల్లింపుకు 22 నిమిషాలు తగ్గింది. కూలి తొందరగా చేతికి వచ్చింది. కూలీల ఇళ్లకు ఉపాధి పనుల మీద వచ్చే ఆదాయం 24 శాతం పెరిగింది, మధ్యలో పోయే సొమ్ము 41 శాతం తగ్గింది. ఇదంతా సగం పని జరిగితేనే వచ్చిన ఫలితం. రెండేళ్లు గడిచినా, ముందు విడత మండలాల్లో కూడా దాదాపు సగం చెల్లింపులే కార్డు ద్వారా జరిగాయి.

ఆ పత్రంలో నన్ను నిద్రపోనివ్వని విషయం మరొకటి ఉంది. 2013లో ప్రభుత్వం ఈ కార్డులను దాదాపు ఎత్తేయబోయింది. కింది నుంచి వచ్చిన సమాచారం అంతా ‘జనం ఇబ్బంది పడుతున్నారు, మిషన్లు పనిచేయడం లేదు’ అనే చెప్పింది. ఆ సమాచారం ఎవరి నోటి నుంచి వచ్చిందో చూడండి. కార్డు వచ్చాక చేతివాటం పోయినవాళ్లకు ఫిర్యాదు చేయడానికి అధికారులు, నాయకులు, మీటింగులు అన్నీ అందుబాటులో ఉంటాయి. కూలి సక్రమంగా అందుకున్న మా అమ్మ మాత్రం కలెక్టరేట్ వీడియో కాన్ఫరెన్సులో కూర్చుని ‘బాగుంది సార్, తీసేయొద్దు’ అని చెప్పలేదు. పరిశోధకులు ఇళ్లకు వెళ్లి అడిగితే కార్డులు వాడినవాళ్లలో పదిలో తొమ్మిది మంది కార్డే కావాలన్నారు. ఆ లెక్క చూశాక ప్రభుత్వం ఆగింది. నిర్ణయానికి అదొక్కటే కారణమని నేను అనడం లేదు, అదీ ఒక కారణమని ఆ పరిశోధకులే రాశారు. ఇళ్లకు వెళ్లి అడగకపోయి ఉంటే మా అమ్మ మళ్లీ పోస్టాఫీసు మెట్ల మీదకు వెళ్లేదేమో.

ఈ పత్రం సారాంశం తెలుగులో చెప్పి అమ్మకు వినిపించాను. ఇంకో సంగతి కూడా చెప్పాను. అదే పరిశోధకులు తర్వాత ఇంకా లోతుగా చూస్తే, పేద ఇళ్ల ఆదాయం పెరగడంలో ఎక్కువ భాగం ఉపాధి డబ్బు నుంచి వచ్చింది కాదనీ, బయట రైతుల దగ్గర చేసే పనికి కూలి పెరగడం వల్ల వచ్చిందనీ తేలింది. అమ్మ ఏమందో ఆమె మాటల్లోనే రాస్తున్నాను: ‘అది నన్నడిగింటే నేనే చెప్పేదాన్ని గదమ్మా. ఉపాధి దుడ్లు టయానికి వస్తాంటే, కలుపుకు పిలిచినోళ్లతో గట్టిగా అడిగినాము. ఇంత ఇస్తే వస్తాం, లేకుంటే ఉపాధికి పోతాం అన్నాము.’ పేరున్న ఆర్థిక శాస్త్ర పత్రికలో అచ్చయిన వివరణ కూడా దాదాపు ఇదే. మా అమ్మకు తెలుసు. ఇంతకాలం ఆమెతో ఎవరూ ఆ మాట పంచుకోలేదు, అంతే.

అయ్యా, అమ్మా, ఇళ్లకు వెళ్లి అడిగే ఈ పని మాకు కొత్త కాదు. ఇంటర్ అయిపోయిన తర్వాత, 2009లో నేను కొన్నాళ్లు గ్రామ సామాజిక తనిఖీదారుగా పనిచేశాను. ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం గ్రామసభ ఆ పనుల మీద సామాజిక తనిఖీ చేయాల్సి ఉండేది. చట్టంలో రాసుకున్న ఆ మాటను రాష్ట్రమంతా ఒక పద్ధతి ప్రకారం చేసి చూపింది మన ఉమ్మడి రాష్ట్రమే. 2006లో మొదలుపెట్టి, 2009లో దాని కోసం ప్రత్యేకంగా ఒక సొసైటీనే ఏర్పాటు చేశారు. కూలీల ఇళ్ల నుంచే చదువుకున్న పిల్లల్ని తీసుకుని, ట్రైనింగ్ ఇచ్చి, సొంత ఊరు కాకుండా వేరే ఊరికి పంపేవాళ్లు. బడి వరండాలో పడుకునేవాళ్లం. తనిఖీ ఎవరి మీద జరుగుతోందో వాళ్ల ఇంట్లో టీ కూడా తాగకూడదని నియమం.

పొద్దున్నే మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీ, కాపీలు పట్టుకుని ఇంటింటికీ వెళ్లేవాళ్లం. ‘అమ్మా, ఈ వారం ఆరు రోజులు చేశావని రాశారు, చేశావా? ఇంత తీసుకున్నావని ఉంది, తీసుకున్నావా?’ బెంగళూరుకు వలస పోయినవాళ్లు మస్టరులో గుట్ట మీద రాళ్లు తీస్తూ కనిపించేవాళ్లు. చనిపోయిన తాత పేరు మీద వేలిముద్ర కనిపించేది. టేపు పట్టుకుని కందకాలు కొలిచేవాళ్లం. ఒకసారి ఒక ముసలామె మా చేతిలోని కాగితం లాక్కుని, తన పేరు ఎక్కడుందో చూపించమని, దాని మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చుంది. చదవడం రాదు. తన పేరు ప్రభుత్వ కాగితంలో ఉందని చూడటం అదే మొదటిసారి అంది.

చివరికి గ్రామసభలో అంతా గట్టిగా చదివేవాళ్లం. ఆ తర్వాత మండల కేంద్రంలో షామియానా వేసి ప్రజావేదిక. అక్కడ అధికారులు ఒక పక్క, కూలీలు ఒక పక్క. ఒక్కో ఊరు, ఒక్కో పేరు, ఒక్కో మొత్తం తెలుగులో చదివి వినిపించేవాళ్లం. నేను చదువుతున్నప్పుడు కాళ్లు వణికేవి. ‘ఈ పిల్లెవరు మమ్మల్ని అడిగేదానికి’ అని వెనక నుంచి అరుపులు. అయినా చదివాను. నా పక్కనే నిలబడిన కూలీలు ‘అవును, ఆ పిల్ల చెప్పేది నిజమే’ అని సాక్ష్యం చెప్పారు.

స్మార్ట్ కార్డు పరిశోధకులు సొమ్ము లీకేజీ ఎలా కొలిచారో చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. ప్రభుత్వ రికార్డులో ఎంత చెల్లించినట్టుందో తీసుకున్నారు. ఇంటికి వెళ్లి ఎంత అందిందో అడిగారు. రెండింటికీ తేడా చూశారు. మేం మస్టరు పట్టుకుని చేసింది ఇదే. వాళ్లు ఎంపిక చేసిన ఇళ్లలో, గణాంక శాస్త్రం ప్రకారం చేశారు, మేం ఊరంతా తిరిగి చేశాం. పెద్ద తేడా చివర్లో ఉంది. మా లెక్క అదే ఊళ్లో, అదే మనుషుల ముందు, వాళ్ల భాషలో చదివాం. వాళ్ల లెక్క సముద్రాలు దాటి వెళ్లింది, ఊరికి మాత్రం తిరిగి రాలేదు. ఇందులో పరిశోధకులను తప్పుపట్టడానికి ఏమీ లేదు. వాళ్ల పత్రాలు ఎవరైనా చదవొచ్చు. వాటిని తెలుగులోకి తెచ్చి ఊరికి చేర్చాల్సింది ప్రభుత్వం, అంటే మీరు.

సామాజిక తనిఖీ అంతా గొప్పగా జరిగిందని కూడా నేను చెప్పను. నా మనసులో ఉన్న బాధ ఇది. ఫర్జానా అఫ్రిదీ, వెగార్డ్ ఐవర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 2006 నుంచి 2010 దాకా మన రాష్ట్రంలో జరిగిన తనిఖీల నివేదికలను పరిశీలించారు. కూలి డబ్బుల్లో సులువుగా దొరికిపోయే మోసాలు తగ్గాయి. పట్టుకోవడం కష్టమైనవి, అంటే సిమెంటు, ఇటుక, మెటీరియల్ బిల్లుల్లో జరిగేవి పెరిగాయి. మొత్తం మీద అక్రమాలు తగ్గినట్టు వాళ్లకు ఆధారం దొరకలేదు. తనిఖీలో బయటపడిన వాటిలో ఉద్యోగం పోవడం, క్రిమినల్ కేసు దాకా వెళ్లినవి నూటికి ఒకటి కూడా లేవు. ఇది చదివి రెండు రోజులు మనిషిని కాలేకపోయాను. ప్రజావేదికలో వణుకుతూ చదివిన పేర్లన్నీ గుర్తొచ్చాయి.

కానీ తర్వాత అర్థమైంది. ఈ మాట మాకు అప్పట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని. మేం మెటీరియల్ బిల్లులు చూడటం నేర్చుకునేవాళ్లం. ప్రజావేదికలో తీర్పు వచ్చాక ఎంత రికవరీ అయిందో మరుసటి తనిఖీలో మొట్టమొదట చదివి ఉండేవాళ్లం. తనిఖీ చేసినవాళ్లకే తనిఖీ ఫలితం తెలియలేదు. ప్రజావేదికలో తేలిన సొమ్ము రికవరీ గురించి నేను పనిచేసినన్నాళ్లూ మాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. అడిగితే ‘అది మీ పని కాదు’ అన్నారు.

పథకాల ఫలితాలను ఇలా పరిశీలించే చదువు ఎందుకంత అవసరమో క్లాసులో చెప్పడానికి నేను జార్ఖండ్ కథ ఎత్తుకుంటాను. అక్కడ రేషన్ షాపుల్లో ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేశారు. ఆ పథకాన్నీ దాదాపు అదే పరిశోధకుల బృందం అదే లాటరీ పద్ధతిలో పరిశీలించింది. సరుకు పక్కదారి పట్టడం తగ్గలేదు. రేషన్ కార్డుకు ఆధార్ కలవని ఇళ్లకు మాత్రం అందే సరుకు దాదాపు పదో వంతు తగ్గింది. వేలిముద్ర అదే, దేశం అదే. మరి అనంతపురంలో మేలు చేసింది జార్ఖండ్‌లో ఎందుకు కీడు చేసింది? మన దగ్గర కార్డు లేనివాళ్లకు పాత దారిలో కూలి ఇవ్వడం ఆపలేదు. డబ్బు త్వరగా, దగ్గరగా అందించడం మీద దృష్టి పెట్టారు. అక్కడ దొంగలను పట్టడం మీద దృష్టి పెట్టారు, వేలిముద్ర పడనివాళ్లకు దారి మూసేశారు. మిషన్ చూసి పథకాన్ని మెచ్చుకోకూడదు, వెలివేయకూడదు. దాని చుట్టూ రాసిన రూల్సు చూడాలి. ఈ ఒక్క తేడా అర్థమైన పిల్లలు రేపు గ్రూప్స్ రాసి ఎంపీడీవోలు అయితే, ఒక జీవో చేతికి రాగానే ‘వేలిముద్ర పడనివాళ్లకు ఏం చేయాలి సార్?’ అని అడుగుతారు. అంతకంటే గొప్ప చదువు ఏముంటుంది?

ఉపాధి పనుల దగ్గర రోజుకు రెండుసార్లు ఫోటో తీసి యాప్‌లో పెట్టాలనే నిబంధన 2023 జనవరి నుంచి దాదాపు అన్ని పనిచోట్లా వచ్చింది. మా క్లాసులో ఒక అమ్మాయి వాళ్ల అమ్మకు సిగ్నల్ లేని రోజు ఫోటో ఎక్కక కూలి పోయింది. ఆ అమ్మాయి లేచి అడిగింది: ‘మేడమ్, అందరికీ పెట్టే ముందు కొన్ని మండలాల్లో పెట్టి చూశారా? చూస్తే ఏం తేలింది?’ నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే దయచేసి చెప్పండి. ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు 125 రోజుల హామీతో కొత్త చట్టం చేసింది. అందులో ఖర్చులో 40 శాతం మన రాష్ట్రాలే భరించాలి. మన డబ్బు పెడుతున్నప్పుడు, ఎలా నడిపితే కూలీకి మేలు జరుగుతుందో చూసుకునే బాధ్యత కూడా ఇప్పుడు ఎక్కువగా మీ శాఖల మీదే ఉంది.

తెలంగాణ అధికారులకు ఒక మాట. 2018 మే నెలలో రైతుబంధు మొదలైనప్పుడు మీరు చేసిన ఒక చిన్న పని మా పిల్లలకు చాలా నచ్చుతుంది. కొన్ని మండలాల్లో వ్యవసాయ అధికారులకు, చెక్కులు అందాయో లేదో రైతులకు ఫోన్ చేసి అడుగుతామని ముందే చెప్పారు. ఆ మండలాలను కూడా లాటరీలోనే ఎంపిక చేశారు. ఫోన్ చేస్తారని తెలిసినందుకే ఆ మండలాల్లో చెక్కులు కొంచెం మెరుగ్గా, సమయానికి అందాయి. తేడా చిన్నదే. కానీ ఫోన్ కాల్‌కు అయ్యే ఖర్చు ఎంత? పంపిణీ అయిన సొమ్ముతో పోలిస్తే లెక్కలోకి రానంత. అయితే ఆ ఫోన్లు పట్టాదారులకే వెళ్లాయి. కౌలు రైతు ఆ జాబితాలోనే లేడు, కాబట్టి ఏ ఫోనులోనూ అతని గొంతు వినపడలేదు. చెక్కు అందిందా అని అడిగితే అందిందనే జవాబు వస్తుంది. అందాల్సినవాడు జాబితాలో ఉన్నాడా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న వేయాలంటే విధానం రాసే రోజునే వేయాలి.

హైదరాబాద్‌లో 104 బస్తీల్లో సూక్ష్మ రుణాల మీద జరిగిన అధ్యయనం చేసినవాళ్లలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు, 2019లో నోబెల్ అందుకున్నవాళ్లు. మన ప్రభుత్వ బడుల్లో పిల్లల మార్కులను బట్టి టీచర్లకు బోనస్ ఇచ్చి చూసిన అధ్యయనం ప్రపంచమంతా చదివారు. ఎక్కడెక్కడో పబ్లిక్ పాలసీ చదివే విద్యార్థులకు మన మండలాలు, మన బస్తీలు పాఠాలు. ఆ మండలాల్లో పుట్టిన మా పిల్లలకు మాత్రం అవి తెలియవు. నేను కొన్ని పేజీలు తెలుగులో రాసి జిరాక్స్ తీసి ఇస్తున్నాను. తప్పులు రాస్తున్నానేమో అని నాకు టెన్షన్‌గానే ఉంటుంది.

ఇక నేను అడిగేవి చెబుతాను.

మీరు డబ్బు పెట్టి చేయించే ప్రతి మూల్యాంకన నివేదికకు నాలుగైదు పేజీల తెలుగు సారాంశం రాయించండి. దాన్ని ఆ పథకం నడిచిన ఊళ్ల గ్రామసభల్లో చదివించండి, మేం మస్టరు చదివినట్టే. ఫలితం బాగా లేకపోయినా చదివించండి. బాగా లేనప్పుడే ముఖ్యంగా చదివించండి. ఇది కొత్తగా అడుగుతున్న వరం కాదు. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్‌లోనే, ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు వాటికి సంబంధించిన వాస్తవాలన్నీ ప్రభుత్వమే ప్రకటించాలని ఉంది. స్థానిక భాషను దృష్టిలో పెట్టుకుని జనానికి చేర్చాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది. ఒకసారి ఒక పథకం మీద చేయించిన నివేదిక కావాలని నేను ఒక కార్యాలయానికి దరఖాస్తు పెట్టాను. అది శాఖ అంతర్గత అవసరాల కోసమని జవాబు వచ్చింది. జనం డబ్బుతో, జనాన్ని అడిగి రాసిన కాగితం జనానికి అంతర్గతం ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. 2014 ఆగస్టు 19న తెలంగాణలో ఊళ్లకు ఊళ్లే పనులు ఆపుకుని సమగ్ర కుటుంబ సర్వేకు ఇంట్లో కూర్చుని వివరాలు చెప్పాయి. హైదరాబాద్‌లో, ఇతర ఊళ్లలో ఉన్నవాళ్లు బస్సులెక్కి సొంతూళ్లకు వచ్చారు. అంత నమ్మకంతో చెప్పిన ఆ లెక్కలు పూర్తిగా వాళ్ల ముందుకు రాలేదు.

రెండోది, పథకం మొదలుపెట్టే జీవోలోనే ఒక పేరా రాయండి: ఇది పనిచేసిందని మనకు ఎలా తెలుస్తుంది, ఎప్పటికి తెలుస్తుంది, ఎవరిని అడిగితే తెలుస్తుంది. పథకం అయిపోయాక ఈ ప్రశ్న వేస్తే ఎవరికి నచ్చిన జవాబు వాళ్లు రాసుకుంటారు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలతో మొదలై తర్వాత మిగతా జిల్లాలకు వెళ్లింది. ఏ పెద్ద పథకమైనా ఇలా విడతలుగానే వస్తుంది. ప్రాణం మీదకు వచ్చే విషయాల్లో అందరికంటే అవసరం ఉన్నవాళ్లకే ముందు ఇవ్వాలి, అక్కడ లాటరీ మాట ఎత్తకూడదు. మిగతా చోట్ల విడతల వరుస లాటరీలో తేల్చండి. మేలు జరిగిందో లేదో తెలుస్తుంది, ‘మా ఎమ్మెల్యే తెప్పించాడు’ అనే మాటా ఉండదు. కర్ణాటకలో పథకాల మూల్యాంకనానికి ప్రత్యేకంగా ఒక అథారిటీయే ఉంది. దేశంలో 1952లోనే, పల్లెల అభివృద్ధి కోసం పెట్టిన సమాజ వికాస పథకం మొదలైన నెలలోనే, దాన్ని పరిశీలించడానికి ప్రోగ్రామ్ ఎవాల్యుయేషన్ ఆర్గనైజేషన్ పెట్టారు. పథకంతో పాటే పరిశీలన కూడా మొదలవ్వాలని అప్పటివాళ్లకే తెలుసు.

మూడోది నా స్వార్థం. ప్రతి మండలంలో డిగ్రీ చదివే పిల్లలు ఉన్నారు. వాళ్లకు ఊళ్ల పేర్లు, ఇళ్ల పేర్లు, ఏ వీధిలో ఎవరు నోరు విప్పరో, ఎందుకు విప్పరో తెలుసు. ఎక్కడి నుంచో వచ్చిన సర్వే ఏజెన్సీకి ఒక అవ్వ చెప్పని మాట మనవరాలి వయసు పిల్లకు చెబుతుంది. నేను తనిఖీకి వెళ్లినప్పుడు చూశాను. మీ సర్వేల్లో వాళ్లకు చోటు ఇవ్వండి, ట్రైనింగ్ ఇవ్వండి, పద్ధతి నేర్పండి. సొంత ఊరికి పంపొద్దు, పక్క ఊరికి పంపండి, మమ్మల్ని పంపినట్టే. ఎవరి ఇంట్లోనూ టీ కూడా తాగొద్దని చెప్పండి.

తెలుగులో రాయడానికి మనుషులు లేరని మీరు అనొచ్చు. మొదటి నివేదిక నాకు పంపండి. మా ఫైనలియర్ పిల్లలు, నేను కలిసి తెలుగు సారాంశం రాసి మీకు తిరిగి పంపుతాం. మీ అధికారులు సరిచూసి, తప్పులుంటే దిద్దాక, మా కాలేజీకి దగ్గరున్న పంచాయతీల్లో గ్రామసభ ఎప్పుడుంటే అప్పుడు వెళ్లి చదువుతాం. మొదటి ఊళ్లో నేనే చదువుతాను. ప్రశ్నలు వస్తే రాసుకుని మీకు పంపుతాం. ఫోటో యాప్ గురించి ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న ఇప్పటికే రాసి పెట్టుకున్నాం.

ఇట్లు,
ఒక పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ అధ్యాపకురాలు,
ఒకప్పటి గ్రామ సామాజిక తనిఖీదారు,
అనంతపురం జిల్లా